ఏడో నంబరు దిమ్మ

పాల్వంచలో మా షెడ్డు బయటినుంచి చూస్తే ట్రాక్టర్లు రిపేరు చేసే షాపులా ఉంటుంది. లోపల ఉపగ్రహాలకు వెళ్ళే చిన్న చిన్న భాగాలు తయారవుతాయి. వచ్చిన లోహాన్ని దించుకుని, కొలిచి, కాగితాలతో సరిపోల్చి, పనికొస్తుందో రాదో చెప్పడం నా పని. పనికొస్తే పచ్చ చీటీ, రాకపోతే ఎర్ర చీటీ. తనిఖీ పత్రం కింద నా గుండ్రటి ముద్ర పడనిదే ఏ ముక్కా యంత్రం ఎక్కదు. నాకు డిగ్రీ లేదు. ఖమ్మం మార్కెట్ యార్డులో మిర్చి తూకాలు రాస్తూ దశాంశాలు నేర్చుకున్నాను. మైక్రోమీటరు పట్టడం ఇక్కడికొచ్చాకే వచ్చింది.

ఆ గురువారం పన్నెండు అల్యూమినియం దిమ్మలు వచ్చాయి. ఒకటి నుంచి పన్నెండు దాకా ఒక్కోదానిమీద ఒక్కో అంకె చెక్కి ఉంది. మాకు కావలసినవి పది, రెండు అదనం. గట్టిదనం చూసే యంత్రం ఒక చిన్న గుండును లోహంలోకి నొక్కుతుంది. పడిన గుంట ఎంత వెడల్పయితే లోహం అంత మెత్తన. ఏడో దిమ్మమీద గుంట ఉండాల్సినదానికంటే వెడల్పుగా వచ్చింది. ఇంకో రెండు చోట్ల నొక్కి చూశాను. అక్కడా అంతే.

నేను చెబుతుంటే రాసుకుని చీటీలు కట్టడానికి ఒకామె ఉంది. దుమ్ముగూడెం అవతలి అడవి పల్లె ఆమెది, ఇక్కడ కిరాయి గదిలో ఉంటుంది. ఇంట్లో వాళ్ళ భాష వేరు, తెలుగు బళ్ళో నేర్చుకుంది. రోజుకూలీ. నేను కళ్ళజోడు తుడుచుకుంటూ, తలెత్తకుండా, "ఆరున్నొక్కటి ఎర్రది" అన్నాను.

శనివారం ఎర్ర చీటీ పడ్డవి పెట్టే అర సరిచూడబోతే, ఒక్క దిమ్మ ఉండాల్సిన చోట రెండున్నాయి. ఆరో నంబరు, ఒకటో నంబరు. రెండూ మంచివే. ఏడోది అప్పటికే పరికరాన్ని పట్టి ఉంచే బ్రాకెట్టుగా మారి బల్లమీద మెరుస్తోంది.

ఆమెను పిలిచి అడిగాను.

"ఆరు, ఒకటి అన్నవ్ గదన్నా. రెండు ఎర్ర చీటీలు కట్టిన."

"ఆరున్నొక్కటంటే ఏడు."

"మరి ఏడనే అనొచ్చు గదా?"

"కొలిచేటప్పుడు ఏడనం. ఏడుపొస్తదని. మా నాయన వడ్లు కొలిచినా గట్లనే అంటుండె."

ఆమె రెండు చీటీలనూ, బల్లమీది బ్రాకెట్టునూ చూసింది. "మా ఊళ్ళె ఏడంటే ఏడే అన్నా. ఎవ్వలూ ఏడ్వరు."

పత్రం తీసి చూసుకున్నాను. మంచివి పది అని ఉంది, కింద నా ముద్ర ఉంది. కావలసినవి పది కాబట్టి ఆ పది నా కంటికి సరైనదిగానే కనిపించింది. పన్నెండులోంచి ఒకటి పోతే పదకొండు మిగలాలి. ఒకటో తరగతి లెక్క అది. లెక్కలే నా బతుకనుకునేవాణ్ణి, అక్కడే తప్పాను.

మేనేజరుగారు బ్రాకెట్టును చేతిలో తిప్పి చూశారు. "కొలతలన్నీ కరెక్టుగా ఉన్నాయి కదా లెక్కల మాస్టారూ. గట్టిదనం కూడా ఇంచుమించు సరిపోతుంది. పంపించేద్దాం."

"ఇంచుమించు అని రాయడానికి ఈ పత్రంల గడి లేదు సార్."

"సరే. అయితే ఆ అమ్మాయి తప్పుగా విన్నదని రాయండి. సోమవారం నుంచి ఇంకొకరిని పెట్టుకుందాం. మీ ముద్ర మీకుంటది."

"ఆమె తప్పు వినలే. నేనన్నదే రాసింది."

"డిగ్రీ ఉన్నోళ్ళు ముగ్గురు మీ కుర్చీకి అప్లికేషన్ పెట్టుకున్నారు. తెలుసా?"

"తెల్వకేం సార్. వాళ్ళను ఒక్కటడుగుండ్రి, పన్నెండ్ల ఒకటి తీస్తే ఎంతని. నాకైతే మొన్న రాలే."

ఆయన నవ్వలేదు. నేను ఆయన ఎదురుగానే కూర్చుని రాశాను: ఏడు అనవలసిన చోట ఆరున్నొక్కటి అన్నాను, విన్నవారు విన్నది విన్నట్టు రాశారు, మొత్తం సరిచూడకుండా ముద్ర వేసింది నేను. ఆమె పేరు రాయలేదు. రాయమని ఆయన రెండుసార్లు చెప్పారు, రెండుసార్లూ పెన్ను మూసి పెట్టాను. చివరికి ముద్ర ఇమ్మని చెయ్యి చాపారు. ఇచ్చేశాను. ఆ కాగితం స్కాన్ అయి పని ఇచ్చిన కంపెనీకి వెళ్ళేదాకా మాత్రం అక్కణ్ణుంచి కదల్లేదు.

గంటలో జవాబు వచ్చింది. బ్రాకెట్టును పనికిరానిదిగా తీసేసి, ఆరో దిమ్మతో ఇంకొకటి చేయమన్నారు.

"ఎంత అందంగా వచ్చిందో. ముందు గది అద్దాల బీరువాలో పెడదాం" అన్నారు మేనేజరుగారు.

పనికిరానిదాన్ని మళ్ళీ ఎవరూ పొరపాటున బిగించకుండా రెండు ముక్కలు చేయాలన్నది నియమం. ఆయన చూస్తుండగానే దాన్ని బల్లకు బిగించి రంపం పెట్టాను. మెత్తటి లోహమే అయినా చెమట పట్టింది. మధ్యలో ఆమె వచ్చి రంపం రెండో కొస పట్టుకుంది. ఇద్దరం కలిసి దాన్ని రెండు ముక్కలు చేశాం.

ముద్ర ఇంకా ఆయన సొరుగులోనే ఉంది. నేను అడగలేదు, అడగను. కొలిచేది మాత్రం నేనే, ముద్ర ఆయన కొడతారు. ఆమె సోమవారం పనికి వచ్చింది. మంగళవారమూ వచ్చింది.