నెట్టికంటప్ప చెంబు పరీక్ష

బళ్లారి కౌల్ బజారులో జట్కాకు కమాను పట్టీలు మార్పించాలంటే ఎవరైనా నెట్టికంటప్ప కొలిమికే వచ్చేవారు. బండి కింద ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టే ఉక్కు పట్టీలవి. బండిలో కూర్చున్నవాళ్ల నడుములు వాటి దయ మీదే ఉండేవి. పట్టీలు మార్చాక అతను ప్రతి బండికీ ఒక పరీక్ష పెట్టేవాడు. ఇత్తడి చెంబు నిండా నీళ్లు పోసి సీటు మీద పెట్టి, కోట వాకిలి దాకా తోలించి వెనక్కి రప్పించేవాడు. నీళ్లు చెంబు మెడ దాకా మిగిలితే పని అయినట్టు. అంతకన్నా దిగితే పట్టీలు మళ్లీ కొలిమిలోకి పోయేవి, బండివాడు మొత్తుకున్నా సరే.

పందొమ్మిది వందల అరవై ఒకటి వచ్చేసరికి ఊళ్లో బస్సులు పెరిగాయి, జట్కాలు తగ్గాయి. రోజుకు రెండు బళ్లు వచ్చే కొలిమికి వారానికి ఒకటి వస్తే గొప్ప. బావమరిది శివన్న కూరెకుప్ప దగ్గర ఖనిజం లారీల షెడ్డులో పనిచేస్తున్నాడు. వస్తే చోటు ఇప్పిస్తానని రెండుసార్లు కబురు పెట్టాడు. నెట్టికంటప్పకు యాభై ఏళ్లు నిండాయి. ఒకరు అరిస్తే పరుగున పోయి సుత్తి అందుకునే వయసు కాదు, గుణం అంతకన్నా కాదు. అందుకని ఒక రేకు మీద తనే రంగుతో రాసి కొలిమి ముందు వేలాడదీశాడు: ‘మోటారు సైకిళ్లకు వెనక స్ప్రింగులు మార్చబడును.’

భార్య ఉచ్చంగెమ్మ బోర్డు కింద నిలబడి చదివించుకుంది.

"నువ్వు పుట్టి బుద్ధెరిగినాక మోటారు సైకిలు ఎక్కినావా?"

"గుర్రం మాత్రం ఎక్కినానా? జట్కాలు చెయ్యలేదా?"

"సరే. ఈ నెలంతా చూస్తా. ఒక్క మోటారు సైకిలన్నా నీ చేతిలో బాగుపడల్ల. లేదంటే ఆ రేకు పీకి కూరెకుప్పకు మూటగట్టు."

నెల సగమైనా ఎవరూ రాలేదు. పదిహేడో తారీఖున వచ్చాడు వెంకటకృష్ణయ్య. కాలవ నీళ్లు వస్తున్నాయని కృష్ణా జిల్లా నుంచి వచ్చి, క్యాంపు కట్టుకుని, వరి పండిస్తున్న రైతు. ఆ క్యాంపులో నలభై ఇళ్లు, ఆరు మోటారు సైకిళ్లు. మిగతా అయిదుగురూ ఇతని బండి ఏమవుతుందో చూసి వస్తామన్నారట.

"ఏందప్పా బాధ, కృష్ణయ్యప్పా?"

"కృష్ణయ్య అంటే చాలయ్యా. మళ్లీ అప్ప ఎందుకు?"

"ఈడ అప్ప లేకుంటే పేరు బోసిగా ఉంటాది. చెప్పప్పా."

బాధ బండిది కాదు, ఇంటావిడది. వెనక చక్రానికి అటూ ఇటూ ఉన్న స్ప్రింగులు కంపెనీవాడు ఒంటరి మనిషి కోసం పెట్టినట్టున్నాయి. కాలవ వంతెన మీద గుంతలో పడినప్పుడు అవి అడుగంటా అణిగి, ఇనుముకు ఇనుము తగిలి, నాంచారమ్మ నడుము పట్టేసింది. ఆవిడ అక్కడే దిగి, మూడు మైళ్లు నడిచి ఇంటికి వెళ్లింది. బండి మార్చు, లేదా నన్ను ఎక్కమనడం మానెయ్ అని తీర్మానం చెప్పేసింది.

నెట్టికంటప్ప స్ప్రింగు ఊడదీసి చూశాడు. ఉక్కు కడ్డీని కాల్చి, ఇనప కమ్మీకి చుట్టి, నూనెలో ముంచి పదును పెడితే కొత్తది తయారవుతుంది. లావు కడ్డీ అయితే బిగువు, సన్న కడ్డీ అయితే మెతక. ఎంత లావు అన్నది మోసే బరువును బట్టి ఉంటుంది. వెంకటకృష్ణయ్య బరువు అతను కంటితోనే తూచాడు. జట్కా పనిలో అబ్బిన విద్య అది.

"అమ్మ బరువెంతప్పా?"

వెంకటకృష్ణయ్య చుట్టూ చూశాడు. పక్కన ఆకుకూరలమ్మే ఆమె చెవులు ఇటే పెట్టింది. గొంతు తగ్గించాడు.

"సన్నంగానే ఉంటుందయ్యా. నాలుగు మణుగులు ఉంటుందేమో."

జట్కాలో ఆడవాళ్లు తెర వెనక కూర్చునేవారు. ఇద్దరో ముగ్గురో చెబితే చాలు, బరువు అడగవలసిన అవసరం నెట్టికంటప్పకు ఎన్నడూ రాలేదు. అందుకే మగాయన చెప్పిన మాట నమ్మాడు.

నాలుగో రోజుకు స్ప్రింగులు బిగించాడు. నాంచారమ్మను జట్కాలో పిలిపించారు. ఆవిడ మోటారు సైకిలు వెనక కూర్చుని చెంబు ఒళ్లో పెట్టుకోవాలి, కోట వాకిలి దాకా పోయి రావాలి. ఆవిడ కొలిమిలోకి రాగానే నెట్టికంటప్ప కంటికి లెక్క తెలిసిపోయింది. నాలుగు మణుగులు పెళ్లి నాటి మాట అయి ఉండాలి. కానీ ఏం చెబుతాడు? చెంబు చేతికిచ్చి పక్కకు తప్పుకున్నాడు.

బండి వెనక్కి వచ్చింది. చెంబులో నీళ్లు అడుగున ఉన్నాయి. మిగతావి వెంకటకృష్ణయ్య లాల్చీ వీపున ఉన్నాయి.

"నాలుగుసార్లు ధన్‌మందండీ," అంది నాంచారమ్మ మొగుడితో. "నేను మళ్లీ జట్కాలోనే పోతాను."

ఆ సాయంత్రం ఉచ్చంగెమ్మ రొట్టెలు తడుతూ అంది: "ఆయమ్మనే అడిగుంటే పోయేది కదా?"

"పరాయి ఆడమనిషిని బరువెంతని అడిగేది యాడన్నా ఉండాదా? చెప్పుతో కొడుతుంది."

"అయితే కౌల్ బజార్ కాటా ఎక్కించు."

"శెనక్కాయల మూట మాదిరా?"

అప్పుడు గుర్తొచ్చింది అతనికి, పోయిన ఏడు క్యాంపువాళ్లు బెల్లం తులాభారం మొక్కు తీర్చుకున్నారని. కాలవ నీళ్లతో ఏడాదిలో రెండు కార్లూ పంట నిలిస్తే తన ఎత్తు బెల్లం ఇస్తానని మొక్కుకున్నది నాంచారమ్మే. బెల్లం అమ్మింది కౌల్ బజారు గాదిలింగప్ప. ఒకసారి చెడిపోయాక కంటి అంచనా చాలదనిపించి, మర్నాడు పొద్దున్నే అతని అంగడికి పోయాడు.

"ఆ క్యాంపు అమ్మగారి తులాభారానికి బెల్లం ఎంత పోయిందప్పా?"

"ఎందుకు, నువ్వూ మొక్కుకున్నావా?"

"నా కతే అట్లుండాది. చెప్పు."

"ఏడు మణుగులకు రెండు వీశెలు తక్కువ. నేనే దగ్గరుండి తూచిన. దేవుడి సొమ్ము, తప్పు తూస్తానా?"

నెట్టికంటప్ప కంటికి ఆవిడ అంత బరువు ఉంటుందని తోచలేదు. కానీ దేవుడి ముందు తూచిన లెక్క ముందు తన కన్ను ఎంత? లావు కడ్డీ ఎంచి మళ్లీ చుట్టాడు. నెల ముగియడానికి అయిదు రోజులే ఉన్నాయి.

నాంచారమ్మను రెండోసారి ఒప్పించడానికి వెంకటకృష్ణయ్య ఏం ప్రమాణాలు చేశాడో తెలియదు. ఈసారి బండి ధన్‌మనలేదు. ప్రతి గుంతకూ ఆవిడను జానెడెత్తు ఎగరేసింది. చెంబు దారిలోనే జారిపోయింది. దాన్ని ఎవరో దారినపోయే మనిషి తెచ్చి ఇచ్చాడు, సొట్టతో.

నాంచారమ్మ బండి దిగి, కొంగు సర్దుకుని, తిన్నగా కొలిమిలోకి వచ్చింది.

"ఏమయ్యా నెట్టికంటప్పా, మొన్న నన్ను పసిపిల్లననుకున్నావు, ఇవాళ ఏనుగుననుకున్నావు. ఏ లెక్కన చేశావు ఈ పని?"

అతను నేల చూపులు చూశాడు. చివరికి ఉన్నది చెప్పేశాడు. "బెల్లం లెక్కన, అమ్మా."

ఒక్క క్షణం ఆవిడకు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు ఆపుకోలేక మొగుడి భుజం పట్టుకుంది. "తక్కెడలో నా ఒళ్లో మా బసవపున్నయ్య ఉన్నాడయ్యా! మూడేళ్లవాడు, దిగనని ఏడిస్తే వాణ్ణి కూడా కలిపే తూయించాను. దేవుడికి ఎక్కువ పోతే నష్టమేముంది?"

"మరి అమ్మ బరువు..."

"అయిదున్నర మణుగులు. కొత్త లెక్కలో అరవై రెండు కిలోలు." బజారు మొత్తం విన్నది. "మిల్లువాడు కిలోల కాటా తెస్తే నాకు నమ్మకం కుదరలేదు. పాతదాని మీదా కొత్తదాని మీదా నేనే కూర్చుని సరిచూసుకున్నాను. ఆ తర్వాతే ధాన్యం తూయించాను. ఈయన్నీ ఎక్కించాను, డెబ్భై. ఇంత ఊరు తిరిగారు, నన్ను అడగడానికి ఏమొచ్చింది మీకు?"

వెంకటకృష్ణయ్య దగ్గాడు. ఇంటి వాకిట్లో నుంచి ఉచ్చంగెమ్మ గట్టిగానే అంది: "నేను చెప్పలేదా?"

మూడో జత చుట్టేటప్పుడు నెట్టికంటప్ప తన కన్నునే నమ్మాడు. కన్ను చెప్పినదీ నాంచారమ్మ చెప్పినదీ ఒకటే. నెలాఖరు రోజు పొద్దున సొట్ట చెంబు నిండా నీళ్లు పోసి ఆవిడ చేతికిచ్చాడు. బండి కోట వాకిలి వైపు మలుపు తిరిగాక లోపలికి పోయి కూర్చున్నాడు. బయట నిలబడి చూసే ధైర్యం లేకపోయింది.

చప్పుడు దగ్గరకొచ్చి ఆగింది. నాంచారమ్మ చెంబు తెచ్చి దిమ్మె మీద పెట్టింది. నీళ్లు మెడకు వేలెడు పైనే ఉన్నాయి. ఉచ్చంగెమ్మ ముందు తొంగి చూసింది, ఆ తర్వాత మొగుడి మొహం చూసింది, పొయ్యి దగ్గరకు పోయింది. నాంచారమ్మ ఆ నీళ్లే గటగటా తాగి, "ఎండ మండిపోతోంది, పదండి," అని తనే ముందు పోయి బండి వెనక ఎక్కి కూర్చుంది.

రెండు వారాల్లో క్యాంపులోని మిగతా అయిదు బళ్లూ వచ్చాయి. శివన్నకు ఇక కబురు పెట్టొద్దని కబురు వెళ్లింది. రేకు బోర్డు మీద పాత అక్షరాల కింద నెట్టికంటప్ప ఇంకో వరస రాశాడు: ‘వెనక కూర్చునేవారు కూడా రావలెను.’ వచ్చిన ఆడవాళ్లకు ముక్కాలిపీట వేసి, ముందు వాళ్లనే అడిగేవాడు. మగవాళ్లు అంతసేపూ ఆకుకూరలు బేరం చేస్తున్నట్టు నిలబడేవారు.