చిట్టి గారు వచ్చారు

1973 జూన్ మూడో తేదీ, ఆదివారం. రోహిణి కార్తె ఎండకు భవానీపురం రోడ్డు మీద తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. ఆ మండుటెండలో బాలశౌరి గారు తమ గుమ్మం ముందు నడుము వంచి నిలబడి, ఒక నల్ల కుక్కతో, "లోపలికి దయచేయండి చిట్టి గారూ" అంటున్నారు. ఆయనకున్న జబ్బు అదొక్కటే. ప్రాణం ఉన్నా లేకున్నా, ఎదురైన ప్రతిదానికీ ‘గారు’ తగిలిస్తే తప్ప ఆయనకు మాట పెగలదు.

ఆయనది బెజవాడ బస్టాండులో మైకు ముందు కూర్చునే ఉద్యోగం. "హనుమాన్ జంక్షన్ మీదుగా ఏలూరు వెళ్ళే బస్సు గారు మరి కాసేపట్లో బయలుదేరుతున్నారు" అని ప్రకటిస్తే, కొత్త ప్రయాణికులు ఏ కలెక్టరో వస్తున్నాడనుకుని పక్కకు తప్పుకొనేవారు. పై అధికారి పిలిచి మందలించగా, "క్షమించండి, ఇకమీదట మైకు గారి ముందు జాగ్రత్తగా ఉంటాను" అని చెప్పి వచ్చారు.

చిట్టి ఆ రోజు మైలవరం నుంచి వచ్చింది. బాలశౌరి గారి చెల్లెలు తెరేసమ్మ గారి భర్త వేసవి మొదట్లో పోయారు. ఒక ట్రంకుపెట్టె, ఆయన పెంచిన ఆ కుక్క, వీటితో ఆవిడ అన్నగారి ఇంట ఉండిపోవడానికి వచ్చారు. పక్కింటి ఆమోసు గారు గోడ మీదుగా తొంగిచూసి, బాలశౌరి గారి భార్యను పలకరించారు.

"ఏం మార్తక్కా, మీ ఆడపడుచు, కుక్క వచ్చిందంట గదా!"

ఇక్కడ వ్యాకరణం గురించి ఒక్క మాట. తెలుగులో పురుషుడు ‘వచ్చాడు’. స్త్రీ ‘వచ్చింది’, కుక్కా ‘వచ్చింది’. ఏకవచనంలో స్త్రీని పశుపక్ష్యాదులతో కలిపి అమహత్తుల బంతిలోనే కూర్చోబెట్టారు మన వైయాకరణులు. ఆ సూత్రం చెప్పేటప్పుడు ఆడపిల్లల బెంచీల వైపు చూడలేక, ఎంతటి పండితుడైనా నల్లబల్ల వైపు తిరగవలసిందే.

బాలశౌరి గారు ఆ చర్చలోకి దిగలేదు. "వచ్చారు ఆమోసు గారూ. ఇద్దరూ వచ్చారు" అన్నారు.

అయితే ఇంట్లో అప్పటికే టైగరు అనే కుక్క ఉంది. ఇద్దరికీ స్నేహం కుదర్చడానికి బాలశౌరి గారు చర్చిలో ప్రేమవిందు పద్ధతి ఎంచుకున్నారు. ఒకే పళ్ళెంలో చేపల పులుసు అన్నం కలిపి మధ్యలో పెట్టి, "సహపంక్తి భోజనమండీ, ఆరంభించండి" అన్నారు. ఆరంభమైంది. పళ్ళెం బావి దగ్గర తేలింది, పులుసు గోడకెక్కింది.

"టైగరు గారూ! చిట్టి గారూ! ఇది మీ హోదాకు తగదు!" అని ఆయన పంచె చింపించుకుంటూ వేడుకున్నారు.

"ముందు అవతలికి రండి, మర్యాదలు తర్వాత!" అంటూ మార్తమ్మ గారు బిందెడు నీళ్ళు కుమ్మరించారు. కుక్కలు విడిపోయాయి. ముగ్గురూ తడిశారు.

ఆ సాయంత్రం తెరేసమ్మ గారు ట్రంకుపెట్టె తాళం తీయలేదు.

"అన్నయ్యా, రేపు పొద్దున్నే బస్సుకి వెళ్ళిపోతాను. ఆయన కుక్క, దీన్ని నేను వదల్లేను. నా మూలాన మీ ఇంట్లో గొడవ వద్దు."

మైలవరంలో ఆవిడ కోసం ఉన్నదల్లా నాలుగు గోడలు, ఒక తాళం. బాలశౌరి గారు గొంతు సవరించుకుని, "ఆ బస్సు గారు రేపు రారమ్మా" అన్నారు. ఆయన జన్మలో ఆడిన అబద్ధం బహుశా అదొక్కటే.

మార్తమ్మ గారు పులుసు గోడ కడుగుతూ విసుక్కున్నారు. "పొద్దుటి నుంచీ కొత్తావిడకే గార్లన్నీ వడ్డించేశారు. పాతాయనకి ఖాళీ విస్తరేశారు. కరవడా మరి?"

"నిజమే మార్త గారూ!" అని ఆయన చటుక్కున లేచారు.

మర్నాటి నుంచి గుమ్మం దాటేది ముందు టైగరు గారు. అన్నం ముందు ఆయనకే. పళ్ళేలు రెండు, మూలలు రెండు, మధ్యన మధ్యవర్తిలా బాలశౌరి గారు. సాయంత్రం కరకట్ట మీద ఈ అంచున ఆయన టైగరును, ఆ అంచున తెరేసమ్మ గారు చిట్టిని పట్టుకుని ఒకే దిక్కుకు నడిచేవారు. "ఒకరినొకరు చూసుకోనవసరం లేదండీ, తోడు నడిస్తే చాలు" అని ఆయన దారి పొడవునా ఇద్దరికీ మనవి చేసుకునేవారు. తొలకరి పడేసరికి కట్ట మీద ఎడం తగ్గింది. కృష్ణకు ఎర్రనీరు వచ్చేసరికి టైగరు గారు, చిట్టి గారు ఒకే గోనె మీద వీపులానించి పడుకుంటున్నారు. ట్రంకుపెట్టెలోని చీరలు దండెం మీదికి వచ్చాయి.

ఈలోగా ఆయన ‘గారు’ను వీధంతా వేళాకోళానికి అందుకుంది. పాలు పోసే వీరమ్మ గారు సైతం, "టైగరు గారూ, కాస్త తోక తీయండి బాబూ" అనసాగారు. ఒకనాడు ఆమోసు గారు గోడ మీదుగా, "మార్తక్కా, తెరేసమ్మ గారు ఇంట్లో ఉన్నారా?" అని అడిగారు. మార్తమ్మ గారి చేతిలో చేట ఆగిపోయింది. పుట్టింటికి చేరిన ఆడదాన్ని ఈ వీధి ఇంతవరకు ‘ఉన్నారా’ అన్నది లేదు.

ఆవిడ తిన్నగా భర్త దగ్గరకు వెళ్ళారు. "దీని కోసమేనా అండీ, కుక్కకి గార్లు?"

ఆయన నవ్వారు. "మా అమ్మ శౌరమ్మ గారు కూలికెళ్ళి మమ్మల్ని సాకారు. ఊరంతా ‘అది వచ్చిందా, అది పోయిందా’ అనేది. ఆవిడ్ని గారు అనండని అడిగితే ఎవరంటారు? అందుకని కింది నుంచి మొదలెట్టాను. కుక్కే గారయ్యాక, మనిషిని తక్కువ చేయడానికి నోరెలా వస్తుంది?"

"మరి బస్సుకెందుకూ?"

"అలవాటు తప్పకుండా ఉండటానికండీ, మార్త గారూ."

కొన్నేళ్ళకు తెరేసమ్మ గారికి మైలవరంలోనే ఆడపిల్లల హాస్టల్లో వార్డెను ఉద్యోగం దొరికింది. చిట్టి గారిని విడిగా పంపబోతే టైగరు గారు అన్నం మానేశారు. చివరికి ఇద్దరూ వెళ్ళారు. ఆ తర్వాత 1978లో ఆ హాస్టలుకు ఒక ఉత్తరం వచ్చింది.

"మహారాజశ్రీ టైగరు గారికి, చిట్టి గారికి, బాలశౌరి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేము క్షేమం. వయసు మీద పడినా మీరిప్పటికీ ఒకే గోనె మీద పడుకుంటున్నారట, సంతోషం. గోడ వైపు ఎవరన్నది మీలో మీరే తేల్చుకోగలరు. మీ మూలలో మార్త గారు ఒక పిల్లి గారిని ప్రవేశపెట్టారు. వారు నన్ను బొత్తిగా లక్ష్యపెట్టడం లేదు. సెలవులకు తెరేసమ్మ గారిని వెంటబెట్టుకుని తప్పక దయచేయండి. ఏ బస్సు గారిలో బయలుదేరేదీ ముందుగా తెలియజేస్తే, మైకులో నేనే స్వయంగా చెబుతాను: ముగ్గురూ వచ్చారు."