వదిన వేసిన రెండో ముడి

మా వదినకి టైలరింగ్ షాపుంది. వీధి మలుపులో, మందుల షాపు పక్కన, ఓ ఇరుకు గది. ఆవిడ కుట్టిన గుండీ ఊడిందని ఇంతవరకూ ఎవరూ తిరిగొచ్చింది లేదు. చొక్కా చిరుగుతుంది గానీ గుండీ కదలదు. నేను ఆడపడుచుని, ఊరికే పొగిడే రకాన్ని కాదు. అయినా ఉన్నమాట చెప్పాలిగా మరి.

ప్యాంటు పొడవు తగ్గించుకోడానికి వచ్చిన ఓ ఎలక్ట్రీషియన్ ఆవిడకి రేడియో పిచ్చి అంటించి పోయాడు. చేతిలో పట్టే చిన్న రేడియో, ప్లాస్టిక్ గొట్టానికి కొలతల ఇనప టేపు ముక్కలు బిగించిన యాంటెన్నా. ఇక చూడాలి మా వదినని! షాపు మూసి మేడెక్కడం, నెత్తిమీంచి పోయే ఉపగ్రహాల కూతలు వినడం. దగ్గరికొచ్చేటప్పుడు కూత సన్నగా ఉంటుంది, దాటిపోతుంటే బొంగురుపోతుంది, అచ్చం రైలు కూతలాగే. ఆ తేడాని బట్టే అదెటు పోతోందో పట్టేస్తారట. మా అన్నయ్య మొదట్లో నవ్వాడు. తర్వాత నోరు మూసుకుని వంట నేర్చుకున్నాడు.

ఆ ఎలక్ట్రీషియన్ వదినని చేర్పించిన రేడియో క్లబ్బువాళ్ళంతా కలిసి సొంతంగా ఓ ఉపగ్రహం చేశారు. ఎంతనుకున్నారు? టీపొడి డబ్బా అంత! దాని యాంటెన్నాలు మడిచి దారంతో కట్టాలి. పైకెళ్ళాక లోపలి తీగ వేడెక్కి ఆ దారాన్ని కాలుస్తుంది. యాంటెన్నాలు విచ్చుకుంటేనే అది నోరు విప్పేది. ఆ ముడి వెయ్యడం ఎవరి వేళ్ళకీ చేతకాలేదు. మా వదినే వేసింది.

రాకెట్ వెళ్ళింది. దాంతోపాటే వెళ్ళిన మిగతా ఉపగ్రహాలు కబుర్లు మొదలెట్టాయి. మాది మాత్రం ఉలకదు, పలకదు. క్లబ్బులో ఎవరూ ఆవిణ్ణి పల్లెత్తు మాట అనలేదు. అదే ఆవిణ్ణి తినేసింది. ఓ మధ్యాహ్నం షాపులో కత్తెర పక్కన పెట్టి నాతో అంది.

"ఒక్క ముడే వెయ్యమన్నారు. చెయ్యి అలవాటు, రెండోది కూడా వేసేశాను. అది తెగి ఉండదు. అంతమంది కష్టం నా చేత్తో చంపేశాను."

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

ఆ ఆదివారం వినపడకపోతే ఇక ఆశ వదులుకోవడమే అని క్లబ్బు పెద్దాయన తేల్చేశాడు. అందరూ మా మేడ మీదే చేరారు. అన్నయ్య ఫోన్లో దాని దారి చూస్తూ అటు, ఇటు అని కేకలు. వదిన యాంటెన్నా పట్టుకుని గిర్రున తిరగడం. ఇంతలో రేడియో కీచుమంది! ఎలక్ట్రీషియన్ మా అన్నయ్యని అమాంతం ఎత్తేశాడు. నేనైతే గంతులే. వదిన మాత్రం చెవొగ్గి విని, కూత మారట్లేదంది. కదిలేదైతే మారాలిగా. తీరా చూస్తే పక్కింటివాళ్ళ వాషింగ్ మెషీను.

అది మా నెత్తిమీంచి పోవాల్సిన సమయం దాటిపోయింది. అందరూ మొహాలు వేలాడేసుకుని కాఫీకి దిగిపోయారు. వదిన దిగలేదు. బట్టలు తీసే వంకతో నేనూ ఆగాను. యాంటెన్నా ఆకాశంకేసి ఊపుతూ, ఒసే మొండిఘటమా, ఒక్కసారి నోరు తెరిచి చావవే అని తిట్టిపోస్తోంది. కళ్ళనిండా నీళ్ళు.

అప్పుడు వినపడింది. సన్నగా. తర్వాత కొంచెం లావుగా. నా చేతిలో తువ్వాలు జారిపోయింది. కూత మారుతోంది, ఆగి ఆగి, పొట్టి పొడుగు కూతల్లో మా క్లబ్బు పేరులోని అక్షరాలే పలుకుతోంది! తర్వాత తెలిసిందేంటంటే, గుంపుగా వదిలినప్పుడు ఏది ఎవరిదో కలగాపులగమైందట. ఇన్నాళ్ళూ మేం ఎవరి పిల్ల కోసమో కాపు కాశాం. మాది దాని వెనకాల తాపీగా వస్తోంది.

నేను వేసిన కేకకి పెద్దాయన కాఫీ గ్లాసుతోనే పైకి పరిగెత్తుకొచ్చి, మనదేనా అమ్మా అన్నాడు వదినతో.

"మనదేనండీ! తెగింది! రెండు ముళ్ళూ తెగాయి!"

జన్మలో మొదటిసారి తన ముడి ఊడినందుకు మా వదిన గంతులేసింది. వెర్రిదానిలా నేనూ వేశాను. ఎలక్ట్రీషియన్ మళ్ళీ మా అన్నయ్యని ఎత్తాడు.

కూత బొంగురుపోయి, మెల్లగా తగ్గి, ఆగిపోయింది. అన్నయ్య వదిన చేతిలోంచి యాంటెన్నా తీసుకోబోయాడు, ఇక కిందికి రమ్మని. ఆవిడ వదల్లేదు.

"అది చుట్టూ తిరిగి మళ్ళీ వస్తుందండీ. నేను లేకపోతే ఏమనుకుంటుంది?"