గంగామణి ఫొటో కింద రాసిన మాట

పొద్దున్నే స్నానం చేసి దీపం పెట్టినాక గంగామణి చేతి గాజులు తీసి లక్ష్మమ్మ పటం ముందు పెట్టేది. "తల్లీ, పని కోసం తీస్తున్న. నా మీద కోపం జెయ్యకు" అని చెంపలు వేసుకునేది. మణికట్టుకు పసుపు దారం చుట్టుకుని, పుస్తెల తాడును జాకెట్టు లోపల పిన్నీసుతో బిగించి, ఆర్మూరులో పసుపు పాలిష్ పట్టే షెడ్డుకు బయలుదేరేది.

ఎండిన కొమ్ములను పెద్ద డ్రమ్ములో వేసి తిప్పే చోటది. ఒకసారి ఒకామె చేతి గాజు తిరిగే డ్రమ్ముకు తట్టుకుని చేయి విరిగింది. అప్పటినుంచి అక్కడి ఆడవాళ్లెవరూ ఒంటి మీద ఏదీ వేలాడనివ్వరు. పెట్టుకున్న బొట్టు చెమటకు కారి దుమ్ములో కలిసిపోతుంది. అయినా ముత్తైదువ చేయి బోడిగా ఉండకూడదని ఆ దారం. ఏర్గట్ల నుంచి పెర్కిట్‌కు కోడలిగా వచ్చిన నాడు ఆమెకు తల్లి చెప్పిన మాట అది.

ఆమె భర్త సాయిలు పెర్కిట్ స్టాండులో ఆటో నడుపుతాడు. చీకటితోనే వెళ్లిపోతాడు. ఆయన ఇల్లు చేరేసరికి ఆమె గాజులు మళ్లీ చేతికి వచ్చేవి. షెడ్డులో ఆమె ఎట్లా ఉంటుందో ఆయన ఏనాడూ చూడలేదు.

మాఘమాసంలో ఆ షెడ్డుకు దీక్షిత అనే అమ్మాయి వచ్చింది. హైదరాబాదులో ఫొటోగ్రఫీ చదువుతోందట. మెడలో కెమెరా, ఎడతెగని దగ్గు. గంగామణి తన తువ్వాలు తీసి ఇచ్చింది. "మూతికి కట్టుకో బిడ్డా, దుమ్ము గొంతులకు పోతది." అమ్మాయి నవ్వి కట్టుకుంది. ఫొటోలు మాత్రం తీయొచ్చా అని ఎవరినీ అడగకుండానే తీసింది. రాశిలోంచి ఒక్క కొమ్ము చేతిలోకి తీసుకోవాలన్నా రైతును అడిగే ఊరిది. మనిషి ముఖం తీసుకుపోవడానికి అడగాలని ఆ పిల్లకు తోచలేదు.

వాటిలో గంగామణి ఫొటోకు కాలేజీలో ప్రైజు వచ్చింది. ఫోన్లలో తిరిగి తిరిగి పెర్కిట్ స్టాండుకు చేరింది. ముఖం, చేతులు, చీర అన్నీ ఒకటే పసుపు. మణికట్టు దారం అందులో కలిసి కనిపించకుండా పోయింది. కింద రాసి ఉంది: "పెనిమిటి పోయినా ఆగని చేతులు."

"ఏమ్రా సాయిలూ, ఎప్పుడు పోయినవ్? దినాలకన్న పిలువకపోతివి!" అన్నాడు తోటి డ్రైవరు హన్మాండ్లు. బిస్కెట్ ముక్క విరిచి సాయిలు కాళ్ల ముందు వేశాడు. "కాకి ముట్టుతదో లేదో చూద్దాం!"

స్టాండంతా నవ్వింది. సాయిలూ నవ్వాడు. ఫోను తీసుకుని ఫొటో పెద్దది చేసి చూశాక అతని నవ్వు పోయింది.

ఇంటికి వచ్చి ఫొటో చూపించి, స్టాండులో హన్మాండ్లు వాళ్లు నవ్విన సంగతి చెప్పి అడిగాడు. "నువ్వే చెప్పినవా గా పిల్లకు?"

"నా నోట్ల గసొంటి మాట వస్తదా?"

"మరి మెడల తాడేది? గాజులేవి? నేనుండంగనే ముండమోసినట్టున్నవ్."

ఆమె ఎంత చెప్పినా వినలేదు. ఆ రోజు నుంచి ఆమె చేతి అన్నం ముట్టకుండా హోటల్లో తిని రావడం మొదలుపెట్టాడు. ఆయన చల్లగా ఉండాలని ఉపవాసాలున్న మనిషి ఆమె.

కొన్నాళ్లకు దీక్షిత మళ్లీ షెడ్డుకు వచ్చింది. చేతిలో అద్దం కట్టించిన ఫొటో. "అక్కా, నీకే తెచ్చిన!"

గంగామణి చేయి చాపలేదు. "ఎవల పెనిమిటి సచ్చిండే?"

అమ్మాయి తెల్లబోయింది. "బొట్టు లేదు, గాజులు లేవు... నేనట్లా అనుకున్న అక్కా."

"నోరున్నది గద, అడగవా?"

"అడిగితే ముఖాలు మారిపోతయక్కా. సహజంగ రావు."

"అడగకపోతే మొగుడే సచ్చిండు గద!"

పక్కన పని చేస్తున్న ఆశమ్మ లేచి డ్రమ్ము మోటారు ఆపింది. గంగామణి జాకెట్టులోంచి తాడు బయటికి లాగింది. మణికట్టు ఆ పిల్ల ముఖం ముందు పెట్టింది. "గింత పెద్ద కెమెరా పట్టుకొచ్చినవ్, గిది కనవడలేదా? నీకు ప్రైజొచ్చింది. నా ఇంట్ల పొయ్యి మీది కూడు పొయ్యి మీదనే ఉంటున్నది!"

దీక్షిత కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇప్పుడే తీసేస్త అక్కా. మాట కూడా మార్చేస్త."

"అందరు చూసినంక తీస్తవా?"

ఆశమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి అమ్మాయికి ఇచ్చింది. గంగామణి వద్దనలేదు. తాగేదాకా ఆగింది. కోపం మాత్రం దిగలేదు.

"ఒక్క పని చేసి పెట్టు బిడ్డా. పొద్దుమీకి పెర్కిట్ స్టాండుకు రా. మా ఇంటికి గాదు, స్టాండుకే. హన్మాండ్లు, గాళ్లందరు చాయ్ తాగుతుంటరు. మా ఆయన ముంగట నిలవడి, గంగామణి నాతోని ఏం చెప్పలేదు, నేనే అడగకుంట రాసిన అని చెప్పు. మెల్లగ గాదు. నవ్వినోళ్లందరు ఇనేటట్టు చెప్పు."