సల్వా సందులో స్పీడ్ బ్రేకర్

మా అమెరికా సార్ వాళ్లమ్మ కువైట్ వచ్చిన రోజు, ఎయిర్‌పోర్టు నుంచి మా ఇల్లుండే సల్వా పేట చేరేలోపే తన రాజకీయ జీవితమంతా చెప్పేసింది. నేను డ్రైవర్ని, వినక ఎక్కడికి పోతాను? వాళ్ల ఊళ్లో పొలాల మీద పన్ను పెంచితే ఒళ్లు మండి ఇంటింటి తలుపూ తట్టిందట. ఒకసారి ఓడి, మళ్లీ అవే తలుపులు తట్టి, వాళ్ల రాష్ట్ర శాసనసభలో కూర్చుందట. దేవుడు, కుటుంబం, సొంత కష్టం ఉంటే చాలట. ప్రభుత్వం మనిషి జోలికి రాకూడదట. సొంత పార్టీ పెద్దలు పన్నుకు తలూపితే వాళ్లతోనూ తగువు పెట్టుకుంది. చివరికి వాళ్లే తనను ఓడించారని చెప్పి పకపకా నవ్వింది.

నాకు వింతగా అనిపించింది. ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కార్డు జేబులో లేనిదే గేటు దాటలేని మనిషిని నేను.

ఆమె ఊరికే కూర్చునే రకం కాదు. మా సందులో కార్లు దూసుకుపోతుంటే మనవడికి ఏమవుతుందోనని హడలిపోయి, స్పీడ్ బ్రేకర్ వేయించాల్సిందేనని పట్టుబట్టింది. ప్రభుత్వం జోలికి రాకూడదన్న మనిషే! దానికి ఇంటింటికీ తిరిగి సంతకాలు తీసుకోవాలట. అరబ్బీ కోసం నేను వెంట రావాలట.

వంట చేసే రాయచోటి అక్క విని తల పట్టుకుంది.

"రేయ్, కువైటీల ఇండ్లకు పొయ్యి సంతకాలు అడుగుతావా? ముసిలామెకేమి, టికెట్టు చేతిలోనే ఉండాది. నిన్ను ఇమానం ఎక్కిచ్చి పంపిస్తారు!"

"కాదంటే సార్‌కు చెప్తాదేమో అక్కా," అన్నాను. సార్ ఊళ్లో లేడు. కాదనే ధైర్యం నాకూ లేదు.

మొదటి ఇళ్లలో పనివాళ్లు తలుపు తీసి, మమ్మల్ని చూసి మూసేశారు. ఎవరు ఫోన్ చేశారో గానీ పోలీసు బండి వచ్చి ఆగింది. పోలీసు ఆమెను ఏమీ అనలేదు. నా ఇఖామా అడిగి తీసుకుని తన గుప్పిట్లో పెట్టుకున్నాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆమె మాత్రం శాసనసభలో ఉన్నట్టే ఉపన్యాసం మొదలుపెట్టింది. ఒక్క ముక్క కూడా నేను అరబ్బీలో చెప్పలేదు.

అప్పుడే ఎదురింటి పెద్దాయన దివానియా గుమ్మంలోంచి లోపలికి రమ్మని కేకేశాడు. సాయంత్రాలు మగవాళ్లు కూర్చుని మంచీచెడ్డా మాట్లాడుకునే గది అది. దాని తలుపు రోజూ బార్లా తెరిచే ఉంటుంది. పోలీసుతో సహా అందరం లోపలికి వెళ్లాం. పెద్దాయనకు విషయం అరబ్బీలో చెప్పాను.

"సందు సంగతి ఇక్కడికొచ్చి చెప్పాలి గానీ, గేట్ల దగ్గర కాదు," అన్నాడాయన. ఆయన మనవళ్లకూ అదే గండమట. మునిసిపాలిటీ వాళ్లతో తానే మాట్లాడతానన్నాడు.

కాఫీ వచ్చింది. చిన్న కప్పును అటూ ఇటూ ఊపి ఇవ్వకపోతే పోస్తూనే ఉంటారని ఆమెకు తెలియదు. మర్యాదకు తాగి తాగి కళ్లు తేలేస్తుంటే నేనే ఊపి చూపించాను. పెద్దాయన నవ్వాడు. పోలీసూ నవ్వి, కార్డు నా చేతిలో పెట్టి "ఖలాస్, యల్లా" అన్నాడు, అయిపోయింది ఇక వెళ్లమని. వెంటనే దాన్ని జేబులో దాచుకున్నాను.

బయటికొచ్చాక ఆమె నా ముఖంలోకి చూసింది.

"నన్నెవరూ ఏ కార్డూ అడగలేదు. అందుకే నీ భయం నాకు కనబడలేదు, బాబూ," అంది.

అంతసేపూ ఆమె మీద ఉడికిపోతున్న నాకు ఆ మాటతో కోపం దిగిపోయింది.

ఆమె వెళ్లిపోయాక స్పీడ్ బ్రేకర్ వేశారు. కారు దాని మీద ఎగిరిన ప్రతిసారీ నా చెయ్యి జేబు తడుముకుంటుంది. కార్డు ఉంటుంది. అమ్మయ్య అనుకుంటాను.