కాలవలో గ్యాస్ బండ

మా ట్రక్కులు తెనాలి దాటి చెరుకుపల్లి దాకా రాగలిగాయి. ఆపైన రోడ్డు లేదు, నీళ్లే. సామాను పడవల్లోకి ఎక్కించి, రేపల్లెకి ఇవతల కాలవ గట్టు మీదున్న చర్చి బడికి చేరేసరికి సాయంత్రం నాలుగు. తొంభైల మొదట్లో, తుఫాను మర్నాడు. వాన సన్నగా పడుతూనే ఉంది. ఆర్డరు చిన్నది: జనాన్ని ఇక్కడికి చేర్చండి, వండి పెట్టండి.

నేను ఆర్మీలో హవల్దారుని, తెనాలి వాణ్ణి. సొంత జిల్లాలో డ్యూటీ పడితే సంబరమే కదా అంటారు మీరు. సంబరమా నా బొందా! పడవ పక్కన చచ్చిన గేదెలు తేలుతున్నాయి.

మా కుక్కు హిమాలయాల్లో గఢ్వాల్ కొండల మనిషి. తెలుగులో నాలుగు ముక్కలు నేర్చాడు, అన్నీ తిండి మాటలే. పెద్ద వంట కట్టెల పొయ్యి మీద. చంటిపిల్లలకి నీళ్లు కాచడం మాత్రం గ్యాస్ మీద. విరేచనాలు మొదలయ్యాయి; కాచని నీళ్లు పడితే పిల్లలు దక్కరని మా డాక్టరు చెప్పేశాడు. వచ్చినవేమో హోటళ్లకిచ్చే నీలం బండలు. పిల్లల గది స్టవ్వుకి ఇళ్లలో వాడే ఎర్ర బండే పడుతుంది. అది ఒక్కటే ఉంది. అయిపోయినప్పుడల్లా నీలం బండని బల్ల మీద తలకిందులుగా పెట్టి, గొట్టంతో ఎర్రదాంట్లోకి దించేవాళ్లం. రూలు ఒప్పుకోదు. అక్కడ రూలు అడిగేదెవడు?

ఎర్ర బండ రేషను కాటా మీద ఉండాలి. పద్నాలుగు కిలోలు ఎక్కగానే కట్టెయ్యాలి. నిండా నింపకూడదు, పైన ఖాళీ ఉండాలి. ఎండకి లోపలిది ఉబ్బుతుంది. చోటు లేకపోతే ఇనుమే చీలిపోతుంది. అతుకులకి సబ్బు నురగ రాసి చూడాలి. అగ్గిపుల్ల గీసి చూద్దామన్నవాడి చెయ్యి విరుస్తానని ముందే చెప్పాను.

మూడో రోజు ఎండ కాసింది. అబ్బ, ఏం ఎండ! బియ్యంతో పాటు కాటా కూడా పక్క ఊరికి వెళ్లింది, నేనూ వెళ్లాను. తిరిగొచ్చేసరికి గట్టంతా ఆరబోతలే: చాపలు, దుప్పట్లు, మొలకలొచ్చిన వడ్లు, పేజీలు విప్పి పెట్టిన బైబిళ్లు. వాటి మధ్య సిమెంటు అరుగు మీద, కడిగి తుడిచిన ఎర్ర బండ.

"అదెవరు పెట్టారమ్మా అక్కడ?"

"నేనేనండి అన్నయ్యా," అంది బడి టీచరమ్మ. "బురదగా ఉంటే కడిగానండి. అన్నీ ఆరుతున్నాయి కదా, ఇదొక్కటీ తడిగా ఎందుకని."

కుక్కు వైపు తిరిగి హిందీలో అడిగాను. "నింపావా?"

"పొద్దున్నే, సాబ్. కాటా లేదు. చప్పుడు ఆగేదాకా నింపాను."

"నిండా?"

తల దించుకున్నాడు. "నిండా."

చెయ్యి పెడితే చురుక్కుమంది. మూతి దగ్గర సన్నగా బుస్సుమంటోంది. అవతల, పది గజాల్లో, పొయ్యిలు మండుతున్నాయి. ఈ గ్యాస్ పైకి పోదు, నేల మీద పాకుతుంది. గదిలో చంటిపిల్లలు నిద్రపోతున్నారు.

"పొయ్యిలు ఆర్పండి! పిల్లల్నెత్తుకుని వెనక్కి పొండి!"

వైర్‌లెస్ ఆపరేటర్ సెట్టు అందుకున్నాడు. "ఫైరింజను కావాలి, ఓవర్."

సెట్టులోంచి జవాబొచ్చింది. "దారే లేదు. మీరే చూసుకోండి. ఓవర్."

ఈలోగా కుక్కు తడి గోనె కప్పి బండని భుజానికెత్తుకున్నాడు. పరుగెత్తలేదు. నడుచుకుంటూ కాలవలోకి దిగిపోయాడు.

"ముంచేసి వచ్చెయ్యరా!"

"మునగట్లేదు, సాబ్! వదిలితే రేవు వైపు పోతుంది!"

నిజమే, గ్యాస్ నీళ్లకంటే తేలిక. రేవులో పడవలున్నాయి, జనం ఉన్నారు. బండని ఛాతీ కింద అదిమిపెట్టి అలాగే నిలబడ్డాడు. చుట్టూ బుడగలు లేస్తున్నాయి. ఎంతసేపో చెప్పలేను, నాకది ఒక ఏడాది.

బండ చల్లబడింది. బుడగలు తగ్గాయి. గట్టెక్కాక వాడి చెంప పగలగొడదామనుకున్నాను. కావలించుకుని ఏడ్చాను.

నీళ్లు తీశాక బాపట్లలో రైలెక్కి యూనిట్‌కి వెళ్లిపోయాం. ఆ తర్వాత చాలా చూశాను, చాలా మర్చిపోయాను. ఇదొక్కటీ పోదు. కుక్కు నీళ్లలో ఉండగానే కాలవ మలుపు నుంచి ఒక పడవ వచ్చింది, పూటపూటా మా దగ్గరికి తిండికొచ్చేదే, నిండా ఆడవాళ్లు, పిల్లలు. అక్కడే ఆగండని నేను గట్టు మీద నుంచి చేతులూపాను. పలకరిస్తున్నాననుకున్నారు. పిల్లలంతా లేచి చేతులూపారు. రోజూ గంజి పోసే మనిషిని గుర్తుపట్టి, "వంట మావయ్యా, స్నానమా?" అని కేకలు. అతను చెయ్యెత్తలేడు. మెడదాకా నీళ్లలో, నవ్వు తెచ్చుకుని, వాళ్లకేసి తల ఊపుతున్నాడు.