గేటు ముందు పండుకున్న మనిషి

ప్రభుదాస్‌కు ఇబ్రహీంపట్నంలో ఇది ఎనిమిదో కిరాయి ఇల్లు. ముప్పై ఒక్క ఏళ్లు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు గానీ, ఇల్లు మారడం నుంచి మాత్రం రిటైర్మెంటు దొరకలేదు. తెలంగాణ ఉద్యమంలో తిరిగినవాళ్లకు ఇంటి జాగా ఇస్తామని సర్కారు దరఖాస్తులు తీసుకుంటోంది. ఇవాళే ఆఖరు రోజు. బయల్దేరుతుంటే భార్య కృపారాణి గడప దగ్గర నిలబడి ఒకటే మాట చెప్పింది.

"ఈసారన్న అడిగిన గడులన్నీ నింపి రా. ఖాళీ పెట్టి ఇస్తే మల్ల మూటలు గట్టేది నేనే."

మండలాఫీసు ఎదురుగా జిరాక్సు దుకాణంలో స్వప్న దరఖాస్తులు నింపి పెడుతుంది. పేరు, తండ్రి పేరు, ఆధార్ నంబరు సాఫీగా నడిచాయి. తర్వాతి గడి దగ్గర ఆమె పెన్ను ఆగింది.

"కేసు నంబరు చెప్పన్నా."

"నా మీద కేసు లేదమ్మా."

"జైలుకన్న పోయినవా?"

"పోలే."

"మరి ఉద్యమంల ఏం జేసినవ్?" ఎగతాళికి అడగలేదు. నిజంగానే ఏం రాయాలో ఆమెకు తెలియలేదు.

"డిపో గేటు ముందు పండుకున్న."

పండుకున్నదానికి గడి లేదు. శాంతియుత పోరాటం అంత గొప్పది లేదని ప్రతి జెండా పండుగకూ మైకులో చెప్పే సర్కారు, దరఖాస్తు అచ్చేసేటప్పుడు మాత్రం పోలీసు కాగితమే అడుగుతుంది.

రెండువేల పదకొండు, సకల జనుల సమ్మె. డిపో బయట టెంటు. పొద్దున మెడలో దండ వేసుకుని కూర్చోవడం, సాయంత్రం నిమ్మరసం తాగి లేవడం, మధ్యలో ఏ బస్సన్నా బయటికి రాబోతే దాని ముందు వరసగా పడుకోవడం. ఇందులో వీరత్వం వెతకనక్కర్లేదు. దానికి ధైర్యం కంటే కింద పరుచుకునే తువ్వాలే ఎక్కువ అవసరం. అందుకే టీచర్లు వచ్చారు, కూలి ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని వచ్చారు, చర్చిలో ప్రార్థన అయ్యాక జనం తిన్నగా అక్కడికే వచ్చారు. రోజూ మూడు వందల మంది.

పద్దెనిమిదో రోజు పోలీసు కాపలాతో ఒక బస్సు కదిలింది. నడిపేది నారయ్య, పక్క మండలం మంచాల నుంచి రోజుకూలికి తెచ్చిన ట్రాక్టరు డ్రైవరు. పడుకున్నవాళ్లను చూసి బ్రేకు వేశాడు. బస్సు ఆగింది. ఆగిపోయిన ఆ బస్సు మీదికి, పడుకున్నవాళ్ల వెనక నుంచి, పరశురాం అనే కుర్రాడు రాయి విసిరాడు. ముందరి అద్దం పగిలి నారయ్య ఎడమ కన్ను పోయింది. అతని తల ఒళ్లో పెట్టుకుని దవాఖానకు తీసుకుపోయింది ప్రభుదాసే. ఎవరు కొట్టారని ఎస్సై అక్కడే అడిగితే, నెత్తుటి అంగీతోనే, చూసింది చూసినట్టు చెప్పి సంతకం పెట్టాడు.

మర్నాడు టెంటు కింద పదకొండు మంది.

అప్పటి నుంచి అతని లోపల ఏదీ సరిగా కదలడం లేదు. రాష్ట్రం వచ్చిన రోజు డిపోలో లడ్డూలు పంచితే ఒకటి తీసుకుని టికెట్ల సంచిలో వేశాడు. చీమలు పట్టాక గానీ గుర్తు రాలేదు.

"ఏందన్నా, ఇంకా రాపిస్తనే ఉన్నవా?"

దుకాణంలోకి వచ్చింది పరశురాం. ఇప్పుడు రావిర్యాల వైపు ప్లాట్లు అమ్మిపెడుతున్నాడు. చేతిలో ఎఫ్‌ఐఆర్ నకలు, లామినేషన్ చేయించింది. కొత్త రాష్ట్రంలో కేసు ఎత్తేశారు. కాగితం మిగిలింది.

"మీరు పద్దెనిమిది రోజులు పండుకున్నరు. పేపర్ల ఒక్క ముక్క వచ్చిందా? నేను ఒక్క రాయి ఏసిన, తెల్లారి ఫస్టు పేజీ. రాష్ట్రం ఎవనితోని వచ్చినట్టు?"

"తెల్లారి టెంటుకు ఎంతమంది వచ్చిండ్రు?"

"ఎంతమంది వస్తే ఏంది? వచ్చింది గద తెలంగాణ!"

దీనికి జవాబు ఉందని చెప్పేవాళ్లు వేదికల మీద దొరుకుతారు. ఒక్క రాయితో సర్కారు మారుతుందో లేదో ప్రభుదాస్‌కు తెలియదు. మూడు వందల మందిని ఇంటికి పంపడానికి ఒక్క రాయి చాలునని మాత్రం కళ్లారా చూశాడు.

"అయినా నువ్వు ఫిర్యాదు ఇయ్యబట్టే గదన్నా, నాకు గీ కాయిదం దొరికింది. నీకు చాయ్ తాపియ్యాలె," అని పరశురాం నవ్వాడు. ఆ నవ్వులో పగ లేదు. అదే చిత్రం.

స్వప్న నకలు అందుకుని చదివింది. "అవ్, అన్నా! ఫిర్యాదుదారు అని నీ పేరే ఉన్నది. నంబరు రాసేస్త. నువ్వు ఏసినోనివా, చెప్పినోనివా అని ఎవడు సూస్తడు?"

"రాయి చెల్లె," అన్నాడు పరశురాం. "నాతోపాటు రెండో నిందితుడని రాసిన లింగం, పాపం సచ్చిపాయె. ఆ జాగల అన్నను కూసోబెట్టు."

"జల్ది చెప్పన్నా, ఐదింటికి కౌంటర్ మూస్తరు."

ప్రభుదాస్ ఆ గడి మీద వేలు పెట్టాడు. "నంబరు రాయి. పక్కన, ఫిర్యాదు ఇచ్చినవాడు అని రాయి."

"గట్ల రాస్తే పక్కకు పడేస్తరు!"

"గడి నింపమన్నరు గద. నింపు."

దీన్ని నిజాయితీ అని ఎవరైనా మెచ్చుకుంటే అది వాళ్ల ముచ్చట. అబద్ధం ఆడాలన్నా లోపల ఏదో ఒకటి కదలాలి. పైగా రేపు ఎవడో ఆఫీసరు అడిగితే, ఆ రాయి నేనే వేశానని నారయ్య కన్ను గురించి మాట్లాడాలి. అంత ఓపిక అతనికి లేదు. నారయ్య కోసమైతే ఆ కాగితంలో ఏ గడీ లేదు.

కౌంటర్‌లో గుమస్తా చూడకుండానే ముద్ర కొట్టి రసీదు చించి ఇచ్చాడు.

ఇంటికొచ్చేసరికి కృపారాణి బియ్యం ఏరుతోంది.

"అన్నీ నింపినవా?"

"నింపిన."

"ఖాళీ ఏం లేదు గద?"

"లేదు."

ఆమె ముఖం తేటపడింది. సామాను మార్చడానికని ఏళ్ల తరబడి దాచిన అట్టపెట్టెలు అటక మీద ఉన్నాయి. వాటి వైపు చూసింది.

"అయితే రేపు పాత సామానోడు వస్తే గవి ఏసేస్త."

ప్రభుదాస్ చెప్పులు విడిచి, రసీదును మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఉండనియ్," అన్నాడు.